తక్కువ నిద్ర ఘనత కాదు

పద్దెనిమిదేళ్లు దాటిన మనిషికి రాత్రికి ఏడు గంటలకు తగ్గని నిద్ర కావాలి. అమెరికాలోని నిద్రవైద్యుల సంఘం, నిద్రా పరిశోధకుల సంఘం కలిసి 2015లో తేల్చిచెప్పిన మాట ఇది. అదే ఏడాది అక్కడి నేషనల్ స్లీప్ ఫౌండేషన్ వయసులవారీగా ఇచ్చిన లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది. 18 నుంచి 64 ఏళ్లవారికి 7–9 గంటలు, 65 దాటినవారికి 7–8, పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 8–10, ఆరు నుంచి పదమూడేళ్లవారికి 9–11, అప్పుడే పుట్టిన బిడ్డకు 14–17 గంటలు. ఈ అంకెలు డాక్టర్లందరికీ తెలుసు, పత్రికల్లోనూ వస్తూనే ఉన్నాయి. అయినా తెలుగు ఇళ్లలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో చెలామణీ అయ్యే నమ్మకం వేరు. నిద్ర అంతా అలవాటే, పట్టుదల ఉన్నవాడికి నాలుగైదు గంటలు చాలు, ఎక్కువ పడుకునేవాడు పైకి రాడు అన్నది ఆ నమ్మకం. దానికి తోడుగా ఇంకొకటుంది: కొందరు పుట్టుకతోనే ముక్కోపులు, వాళ్లతో ఎలాగో వేగాల్సిందే తప్ప చేయగలిగింది లేదు. మొదటిది పూర్తిగా తప్పు, రెండోది సగానికి పైగా తప్పు. రెండూ కలిసినచోట నష్టం రెట్టింపవుతుంది. నిద్ర తగ్గించుకున్న మనిషి చిరాకు మనిషిగా మారతాడు, ఆ చిరాకును అందరూ అతని స్వభావమని తీర్మానించి ఊరుకుంటారు.

తక్కువ నిద్రను సమర్థించేవారు ముందుగా సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. పెద్దలు బ్రాహ్మీ ముహూర్తంలో లేచేవారు, కోడి కూయకముందే పనిలోకి దిగేవారు అంటారు. అది నిజమే. కానీ కరెంటు రాని ఊళ్లలో ఆ పెద్దలు దీపాలు పెట్టిన కాసేపటికే భోంచేసి, ఎనిమిదికల్లా మంచాలెక్కేవారన్న సంగతి ఎవరూ గుర్తుచేయరు. ఎనిమిదికి పడుకుని నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటలు. నేటి ఇల్లు ఆ అలవాటులో లేచే వేళను మాత్రం గొప్పగా చెప్పుకుని, పడుకునే వేళను వదిలేసింది. శాస్త్రగ్రంథాలు కూడా ఈ వాదనకు సాయం రావు. చరక సంహిత ఆహారంతో పాటు నిద్రను శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలలో ఒకటిగా లెక్కించింది. భగవద్గీత ఆరో అధ్యాయం అతినిద్రను ఎంత కాదందో, అతిగా మేలుకోవడాన్నీ అంతే కాదంది. మొదటి సగాన్ని వల్లించి రెండో సగాన్ని మింగేయడం సంప్రదాయాన్ని గౌరవించడం కాదు.

రెండో వాదన బలమైనది, ఎందుకంటే అది అనుభవం పేరుతో వస్తుంది. ‘మొదట్లో కష్టమే, నెలరోజుల్లో ఒంటికి అలవాటైపోతుంది’ అంటారు. ఈ మాటను నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 48 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో ఉంచింది. కొందరికి రాత్రికి ఎనిమిది గంటలు, కొందరికి ఆరు, కొందరికి నాలుగు గంటల చొప్పున 14 రోజులు పడకకు వీలిచ్చారు. ఇంకో జట్టును వరుసగా మూడు రోజులు అసలు పడుకోనివ్వలేదు. ప్రతిరోజూ చురుకుదనానికి, జ్ఞాపకానికి పరీక్షలు పెట్టారు. 2003లో వెలువడిన ఫలితం ప్రకారం ఆరు గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవారి పనితీరు రోజురోజుకీ దిగజారుతూ పోయింది. రెండు వారాలు నిండేసరికి అది ఒకటి రెండు రాత్రులు కన్నంటని మనిషి స్థాయికి పడిపోయింది. మధ్యలో ఎక్కడా కుదుటపడలేదు, అలవాటు పడిన సూచనే కనబడలేదు.

ఆ ప్రయోగంలో మరింత ముఖ్యమైన సంగతి ఒకటి బయటపడింది. ‘నిద్ర ఎంత వస్తోంది?’ అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు మొదటి కొన్ని రోజుల తర్వాత పెద్దగా మారలేదు. పని చెడుతూనే ఉంది, చెడుతోందన్న స్పృహ మాత్రం ఆగిపోయింది. ‘నాకు అలవాటైపోయింది, హాయిగా ఉన్నాను’ అనే మనిషి అబద్ధమాడటం లేదు. తన లోటును కొలవగలిగే సామర్థ్యమే అతనిలో ముందుగా దెబ్బతింది. అందువల్ల ఈ విషయంలో సొంత అనుభవం సాక్ష్యంగా పనికిరాదు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుని సరిచేసుకుంటాననే ధీమాకూ ఆధారం తక్కువే. వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో గ్రెగరీ బెలెంకీ బృందం ఏడు రాత్రులు నిద్ర తగ్గించి, ఆపైన మూడు రాత్రులు ఎనిమిది గంటల చొప్పున పడుకోనిచ్చింది. అయినా పనితీరు పూర్తిగా పాత స్థాయికి రాలేదు.

దీని వెనుక ఉన్న శరీరధర్మం కష్టమైనదేమీ కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగుపడుతూ ఉంటుంది, నిద్రలో తగ్గుతుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. కాఫీలో ఉండే కెఫీన్ ఆ అడినోసిన్‌ను తగ్గించదు. అది అతుక్కునే చోటును కాసేపు అడ్డుకుంటుంది, అంతే. మామూలు మనిషి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ కాఫీ రాత్రి పదకొండింటికీ సగం పని చేస్తూనే ఉంటుంది. నిద్ర కూడా ఒకే ముద్ద కాదు. దాదాపు 90 నిమిషాలకొక ఆవృత్తి చొప్పున గాఢనిద్ర, కలల నిద్ర మారుతూ వస్తాయి. గాఢనిద్ర రాత్రి తొలి భాగంలో ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. ఎనిమిది గంటల్లో చివరి రెండు గంటలు కోసేస్తే పోయేది పావువంతు అనిపిస్తుంది గానీ, కలల నిద్ర మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పాలు పోతుంది.

గొప్పవాళ్లు తక్కువే పడుకున్నారు కదా అన్నది మూడో వాదన. ఎడిసన్, మార్గరెట్ థాచర్ పేర్లు వెంటనే వస్తాయి. ఎడిసన్ నాలుగైదు గంటల నిద్ర చాలని చాటుకున్నమాట నిజం. న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాలలో ఆయన గ్రంథాలయంలోనే ఒక మంచం వేసి ఉండేదన్నదీ, పగలు ఎక్కడ వీలైతే అక్కడ కునుకు తీసేవాడన్నదీ అంతే నిజం. సహజంగానే తక్కువ నిద్రతో సరిపోయేవారు లోకంలో లేకపోలేదు. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో యింగ్-హుయ్ ఫూ బృందం ఒక తల్లీకూతుళ్లలో డెక్-2 అనే జన్యువులో మార్పును గుర్తించింది. వాళ్లకు ఆరుంపావు గంటల నిద్ర సరిపోయేది. అంటే పుట్టుకతో వచ్చిన ఆ అరుదైన మార్పు ఉన్నవారికి కూడా నాలుగు గంటలు చాలలేదు. అది సాధనతో వచ్చేదీ కాదు. ర్యాంకర్ ఇంటర్వ్యూలో ‘రోజుకు పద్దెనిమిది గంటలు చదివాను’ అన్న మాటను పట్టుకుని లక్షలమంది పిల్లల దినచర్యను నిర్ణయించడం అన్యాయం.

ఈ మధ్య నాలుగో వాదన కూడా చదువుకున్నవారి నోట వినబడుతోంది: ఆదిమ జాతులు ఎనిమిది గంటలు పడుకోవని శాస్త్రవేత్తలే చెప్పారు కదా అని. 2015లో వెలువడిన ఒక అధ్యయనం టాంజానియాలోని హద్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని త్సిమానే ప్రజల నిద్రను కొలిచింది. వాళ్లు నికరంగా నిద్రించింది 5.7 నుంచి 7.1 గంటలు. అయితే అదే అధ్యయనంలో పడుకోవడం నుంచి లేవడం దాకా వాళ్లు నిద్రకు కేటాయించిన వ్యవధి 6.9 నుంచి 8.5 గంటలని కూడా ఉంది. మధ్యలో కలిగే చిన్న చిన్న మెలకువలను నిద్రను కొలిచే పరికరం లెక్కలోంచి తీసేస్తుంది. అక్కడ నిద్రలేమి బాధ దాదాపు కనబడలేదు. పదకొండున్నరకు ఫోన్ పక్కన పెట్టి ఐదింటికి అలారంతో లేచేవాడికి ఈ అధ్యయనంలో ఊరట ఏమీ లేదు.

ఇంతవరకూ చెప్పింది పనితీరు గురించి. నిద్ర తగ్గితే పోయేది మార్కులో, పనివేగమో మాత్రమే అయితే అది ఎవరి నష్టం వాళ్లదని వదిలేయవచ్చు. కానీ నిద్రలేమి బరువు ఎక్కువగా పడేది పక్కవాళ్ల మీద. 2007లో సంగ్-షిక్ యూ, మాథ్యూ వాకర్ బృందం దాదాపు 35 గంటలు మేలుకున్నవారికి మనసును కలచే బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేసింది. భయానికి, కోపానికి కేంద్రమైన అమిగ్డలా నిద్రపోయినవారిలో కంటే 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో ఉంచే ముందుమెదడు భాగంతో సంబంధం బలహీనపడింది. పూర్తిగా రాత్రంతా మేలుకోవాల్సిన అవసరం కూడా లేదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో జ్లాతన్ క్రిజాన్ బృందం కొందరికి రెండు రాత్రులు మాత్రం రెండు నుంచి నాలుగు గంటల నిద్ర తగ్గించింది. ఆ తర్వాత చిరాకు పుట్టించే శబ్దాల మధ్య వాళ్లను కూర్చోబెట్టింది. మామూలుగా పడుకున్నవారు ఆ రొదకు కాసేపట్లో సర్దుకున్నారు. నిద్ర తగ్గినవారిలో కోపం పెరిగింది. సర్దుకుపోవడం అనే గుణం నిద్రతోనే వస్తుందని ఇంతకంటే సూటిగా చూపడం కష్టం.

ఎదుటివారిని అర్థం చేసుకునే శక్తి కూడా దీనితో తగ్గుతుంది. నిద్రలేనివారు ముఖాల్లోని భావాలను, ముఖ్యంగా సన్నగా కనిపించే సంతోషాన్నీ కోపాన్నీ, సరిగా పోల్చుకోలేరు. 2014లో బర్కిలీలో ఎమీ గోర్డన్, సెరీనా చెన్ జంటల మీద చేసిన పరిశోధనలో నిద్ర సరిగా లేని రాత్రి తర్వాత గొడవలు ఎక్కువగా వచ్చాయి. ఇద్దరిలో ఒక్కరికి నిద్ర చెడినా ఒకరి మనసు ఒకరు గ్రహించుకోవడం తగ్గింది. హాయిగా పడుకున్న భార్య, పడుకోని భర్త, ఇద్దరూ నష్టపోయారు.

తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట ఈ సంగతిని తనదైన తీరులో పట్టుకుంది. లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్లు మేలుకుంటే, ఇంట్లో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయింది. అతని వంతు నిద్ర కూడా ఆమే పోయిందని జనం కథ. లక్ష్మణుడంతటి వాడికి కూడా ఆ కథ నిద్రను ఊరికే మాఫీ చేయలేదు. ఆ భారం ఇంకొకరి మీద పెట్టింది. నేటి ఇళ్లలో జరిగేదీ ఇదే. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగి తెల్లారి ఇంటికొస్తాడు. పగటి వెలుగులో, వీధి రొదలో, కుక్కర్ కూతల మధ్య ఐదారు గంటలకు మించి కన్నంటుకోదు. బంధువులు మాత్రం ‘పగలంతా పడుకునే ఉంటాడు, అయినా ఎప్పుడు చూసినా విసుగే’ అంటారు. నాలుగింటికే లేచి పాలు, నీళ్లు, క్యారియర్లు చూసి, అందరూ పడుకున్నాక పదకొండింటికి వంటిల్లు కడిగే ఇల్లాలికి గయ్యాళి అన్న పేరు వస్తుంది. పసిబిడ్డతో రాత్రికి నాలుగుసార్లు లేచే బాలింత మాట తూలితే ‘కోడలు మారిపోయింది’ అంటారు. ఈ మాటలన్నీ నిద్ర లోటును స్వభావపు ఖాతాలో రాసేస్తున్నాయి.

మనుషులు ఇలా పొరబడటం కొత్త కాదు. ఎదుటివాడి ప్రవర్తనకు అతని పరిస్థితి కంటే అతని గుణమే కారణమని అనుకునే మొగ్గును మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లోనే మౌలికమైన పొరపాటుగా గుర్తించాడు. తన చిరాకుకు ట్రాఫిక్‌నీ తలనొప్పినీ చూపించే మనిషి, పక్కవాడి చిరాకుకు అతని పుట్టుకను చూపిస్తాడు. కష్టమైన మనుషులతో ఎలా మెలగాలో చెప్పే పుస్తకాలు, శిక్షణ తరగతులు చాలావరకు ఈ పొరపాటు మీదే నిలబడ్డాయి. అవి మనుషులను రకాలుగా విడదీసి ఒక్కో రకానికి ఒక్కో మాటతీరు నేర్పుతాయి. ఆ మనిషి రాత్రి ఎంతసేపు పడుకున్నాడు, వింటున్న తాను ఎంతసేపు పడుకున్నాడు అనే రెండు ప్రశ్నలు మాత్రం వేయవు. పై అధికారుల మీద క్రిస్టఫర్ బార్న్స్ బృందం 2015లో వెలువరించిన పరిశోధన ఇక్కడ గమనించదగినది. రాత్రి కలతనిద్ర పోయిన అధికారి మర్నాడు కిందివారిని ఎక్కువగా కసురుకున్నాడు, ఆ జట్టు పని మీద మనసు పెట్టడం తగ్గింది. అక్కడ తేడా తెచ్చింది గంటల లెక్క కంటే నిద్ర నాణ్యతే.

నాణ్యత ప్రస్తావన వచ్చినప్పుడు గురక గురించి కాస్త నిలిచి చెప్పాలి. గురకపెట్టి నిద్రపోతున్నాడంటే ఒళ్లెరగని సుఖనిద్ర అని తెలుగునాట బలమైన నమ్మకం. చాలామంది విషయంలో నిజం దీనికి సరిగ్గా తలకిందులు. గొంతు దారి మూసుకుపోయి పది సెకన్లకు పైగా ఊపిరి ఆగడం, మెదడు ఉలిక్కిపడి లేపడం, మళ్లీ గురక మొదలవడం గంటకు ఐదుసార్లు దాటితే వైద్యులు దాన్ని స్లీప్ ఆప్నియాగా చూస్తారు. తీవ్రమైనవారిలో అది గంటకు ముప్ఫై దాటుతుంది. ఎనిమిది గంటలు మంచం మీద ఉండి కూడా ఆ మనిషి నిద్రపోయినట్లు లెక్కకాదు. పగలు కునికిపాట్లు, మతిమరుపు, అన్నిటికీ మించి చిర్రుబుర్రులు. పిల్లల్లో ఇది అల్లరిగా, చదువు మీద దృష్టి నిలవకపోవడంగా కనిపించి దెబ్బలు తినిపిస్తుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ముక్కుకు తొడుగు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే పద్ధతి కనుక్కున్నాడు. ఆ యంత్రాలు ఇప్పుడు తెలుగు నగరాల్లోనూ దొరుకుతాయి. ఆడవారిలో తరచూ మరుగునపడే కారణం ఇంకొకటి: ఇనుము లోపం. రాత్రి పడుకోగానే కాళ్లు పీకి, కదిలిస్తే తప్ప ఊరుకోనివ్వని బాధకు తెలిసిన కారణాల్లో అదొకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ లోపం వల్ల తరచూ వచ్చే రక్తహీనత దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి ఉంది. ముక్కోపులని పేరుపడ్డ ఎందరో మగవాళ్లకు, గయ్యాళులని పేరుపడ్డ ఎందరో ఆడవాళ్లకు వైద్యపరీక్ష అవసరం.

ఈ వాదనకు ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చెడు ప్రవర్తనకంతా నిద్రను సాకుగా చూపితే, భార్యను కొట్టేవాడికీ, కిందివారిని అవమానించే అధికారికీ తప్పించుకునే దారి దొరకదా? దొరకకూడదు. కారణం తెలుసుకోవడం వేరు, తప్పును మాఫీ చేయడం వేరు. నిద్ర లోటు మాటను కరుకు చేస్తుంది గానీ చెయ్యెత్తే హక్కు ఇవ్వదు. నిండుగా పడుకుని కూడా మనుషులను హింసించేవారు ఉన్నారు. వారి నుంచి దూరం జరగడం, అవసరమైతే చట్టాన్ని ఆశ్రయించడం తప్ప సర్దుకుపోవడమనే ప్రశ్న రాదు. నిద్రలేమి చిరాకును అందులోంచి వేరుచేయడం అసాధ్యమేమీ కాదు. అది రోజులను బట్టి మారుతుంది, సెలవుల్లో తగ్గుతుంది, ఆ మనిషికే తర్వాత బాధ కలిగిస్తుంది. అలాంటి మనిషితో తగువు రాత్రి పదకొండింటికి తేల్చుకోవాలనుకోవడం అవివేకం. ‘రాత్రికి రాత్రే తేలిపోవాలి’ అనే పంతం కంటే ‘తెల్లారాక మాట్లాడుకుందాం’ అనే పాత మాటలో ఎక్కువ శాస్త్రం ఉంది.

తక్కువ నిద్ర చాలన్న నమ్మకం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల పిల్లలు. అయిదింటికి లేపి, రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే హాస్టళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 8–10 గంటలు కావాల్సిన వయసుకు దక్కేది దాదాపు ఆరు గంటలు. రాత్రికి రెండు నుంచి నాలుగు గంటల లోటు, అంటే అయోవా ప్రయోగంలో పెట్టిన లోటే. అక్కడ రెండు రాత్రులు, ఇక్కడ రెండేళ్లు. యవ్వనంలో నిద్రవేళ సహజంగానే వెనక్కి జరుగుతుందని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్కాడన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన చూపింది. ఆ వయసులో తొందరగా నిద్ర రాకపోవడం బద్ధకం కాదు. అయినా ఆ పిల్లల మౌనం, మొండితనం, ఏడుపు, తోటివారితో గొడవలు వార్డెన్ల దృష్టిలో క్రమశిక్షణ సమస్యలే. ‘ఎక్కువ సమయమిస్తే ఫోన్లు చూస్తారు తప్ప పడుకోరు’ అని యాజమాన్యాలు అంటాయి. అమెరికాలోని సియాటిల్ 2016లో హైస్కూళ్ల వేళను 7.50 నుంచి 8.45కు మార్చినప్పుడు అక్కడా ఇదే మాట వినిపించింది. కొలిచి చూస్తే పిల్లలు రోజుకు సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది. 2022 నుంచి అక్కడి హైస్కూళ్లు ఉదయం 8.30కు ముందు మొదలవకూడదు.

రోడ్డు మీద ఇదే నమ్మకం ప్రాణాలతో ముడిపడుతుంది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ చూపారు. మోటారు వాహనాల చట్టం భారతదేశంలో అనుమతించేది 0.03 శాతమే. తాగి నడిపితే శిక్ష ఉంది. రాత్రి బస్సు డ్రైవర్ పగలు పడుకున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు. మోటారు రవాణా కార్మికుల చట్టం పనిగంటలను రోజుకు ఎనిమిదికి కట్టడి చేసింది 1961లోనే.

చట్టం నిద్రను మరిచిపోలేదు. రామ్‌లీలా మైదానం ఘటన కేసులో 2012లో సుప్రీంకోర్టు నిద్రను 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగంగా చెప్పింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. మరిచిపోయింది సమాజం. ఇంటర్ బోర్డులు కాలేజీలకు గుర్తింపు ఇచ్చేటప్పుడు హాస్టల్ విద్యార్థికి రాత్రి ఎనిమిది గంటల నిద్రను షరతుగా పెట్టాలి, తనిఖీకి వెళ్లినవారు గదులతో పాటు స్టడీ అవర్ల పట్టికనూ అడిగి చూడాలి. రాత్రి షిఫ్టులు నడిపే సంస్థలు ఉద్యోగి పగటి నిద్రవేళలో ఫోన్ చేయడం మానాలి. ఇళ్లలో ఆఖరున పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి పనిలో సగాన్ని మిగతావారు ఈ రాత్రి నుంచే పంచుకోవాలి.